అమ్మ పిత్తాశయం బయాప్సీలో ‘కార్సినోసార్కోమా?’ అని రాశారు, పక్కన ప్రశ్న గుర్తుంది. ఇప్పుడు ఏం చేయాలి?

పాకాల_గట్టు అడిగారు:

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు, నేను ఉద్యోగం వల్ల హన్మకొండలో ఉంటున్నా. అమ్మకు 64. ఆరేళ్ల కింద షుగర్ చూపించుకోవడానికి పోతే స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లున్నాయని చెప్పారు. నొప్పి లేదు కదా అని మేం వదిలేశాం. అమ్మయితే ‘చెలకల లేవా రాళ్లు, కడుపుల ఉంటే ఏమైతది’ అని నవ్వేసింది. ఈ జనవరి నుంచి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది, తిన్న గంటకు కడుపు ఉబ్బరం, వాంతి వచ్చినట్టు ఉండటం. మిరపకాయ ఏరడానికి ఏటా ముందు పోయే మనిషి ఈసారి మంచం దిగలేదు, అప్పుడు మాకు భయమేసింది.

ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపించాం. అల్ట్రాసౌండ్‌లో రాళ్లతోపాటు లోపల 4 సెంటీమీటర్ల ముద్ద ఉంది, అది గడ్డకట్టిన పైత్యరసమా లేక ఇంకేమైనానా అని రాశారు. రాళ్లు, ఇన్ఫెక్షన్ అనుకుని మార్చి రెండో వారంలో ఆపరేషన్ చేశారు. చిన్న రంధ్రాలతోనే అని మొదలుపెట్టి, కాలేయానికి అతుక్కుపోయిందని మధ్యలో కోసి తీశారు. అయ్యాక నా చేతికి రెండు వస్తువులు ఇచ్చారు. ఒకటి చిన్న ప్లాస్టిక్ కవర్లో పదకొండు రాళ్లు, రెండోది మూత డబ్బాలో పిత్తాశయం. వార్డులో ఉండే ఒకాయన ‘ఇది రాళ్ల కేసే కదా, బయాప్సీ ఎందుకు, ఉత్త ఖర్చు’ అన్నాడు. నిజం చెప్తున్నా, నేనూ సరే అనబోయాను. మా బావ ఒప్పుకోలేదు, డబ్బా లాక్కుని బండి మీద తనే ల్యాబుకు తీసుకుపోయాడు. ఆ ఒక్క మాట వినకపోయి ఉంటే ఏమయ్యేదో అని రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.

రిపోర్టు తొమ్మిది రోజులకు వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు తెలుగు అక్షరాల్లో రాస్తున్నా: పిత్తాశయం అడుగు భాగంలో పాలిపాయిడ్ గ్రోత్, 4.2 × 3 సెంటీమీటర్లు. మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్ అడినోకార్సినోమా, దాంతో కలిసి స్పిండిల్ కణాలున్న ప్రాంతాలు. కండర పొర దాటింది. కార్సినోసార్కోమా? సార్కమటాయిడ్ కార్సినోమా? ఐహెచ్‌సీ సూచించడమైనది.

ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను అడిగితే ‘చాలా అరుదు, నేను నా సర్వీసులో చూడలేదు, హైదరాబాద్ పోండి’ అన్నారు. ఆయన్ని తప్పుబట్టట్లేదు, తెలియదని ఒప్పుకున్నారు, అది నయం. కానీ నాకేం అర్థం కావట్లేదు. అమ్మకు రెండు క్యాన్సర్లున్నట్టా? ఐహెచ్‌సీ అంటే మళ్లీ కోసి ముక్క తీస్తారా? ప్రశ్న గుర్తు తేలేదాకా ఆగాలా, లేక వెంటనే కీమో మొదలుపెట్టించాలా? స్కానింగ్‌లో ముందే ఎందుకు తెలియలేదు? ఇంట్లో అమ్మకు ఇంకా చెప్పలేదు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


కాజీపేట_జంక్షన్:

అన్నా, ముందు టెన్షన్ తగ్గించుకో. మా బాపుకు రెండేళ్ల కింద ఇట్లనే అయింది. సీటీలో పిత్తాశయం గోడ మందంగా ఉంది, కాలేయంలోకి పోయినట్టుంది, క్యాన్సరే అన్నారు. ఇంట్లో ఏడుపులు, చుట్టాలంతా వచ్చి చూసిపోయారు, మా పెద్దమ్మ అయితే ఊర్లో మొక్కులు కూడా మొక్కింది. తీరా తీసి చూస్తే శాంతోగ్రాన్యులోమాటస్ కోలిసిస్టైటిస్ అని తేలింది. పేరు నోరు తిరగడానికి నాకు నెల పట్టింది. రాళ్ల వల్ల ఏళ్ల తరబడి వాచి వాచి గోడ అట్లా గట్టిపడుతుందట, చూడటానికి అచ్చం క్యాన్సర్ లాగే ఉంటుందట. ఇప్పుడు బాపు శుభ్రంగా పొలం పోతున్నాడు. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి ఆశ వదలొద్దు, స్లైడ్లు ఇంకో చోట చూపించు. మాకు రెండో చోటనే మొత్తం మారిపోయింది.


గులాబీ_స్లైడు:

తమ్ముడూ, నేను పాథాలజీలో పనిచేస్తాను, ఇక్కడ కాకతీయ మెడికల్ కాలేజీలోనే చదువుకున్నదాన్ని. స్లైడు చూడకుండా జబ్బు పేరు చెప్పను. కానీ నువ్వు రాసిన వాక్యాలు చదివితే రిపోర్టు ఇచ్చినవాళ్లు ఎక్కడ ఆగిపోయారో తెలుస్తోంది.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్. ఇది చదవగానే ఆ ల్యాబుకు ఫోన్ చేసి ‘డబ్బాలో మిగిలింది పారేయొద్దు’ అని చెప్పు, వీలైతే పోయి కాగితం మీద రాసిచ్చి రా. మీరిచ్చిన పిత్తాశయం మొత్తం మైక్రోస్కోపు కిందికి పోదు. అందులో అక్కడక్కడ తపాలా బిళ్లంత ముక్కలు కోసి మైనంలో పోతపోస్తారు, వాటినే బ్లాకులు అంటాం. మిగతాదంతా ఫార్మలిన్‌లోనే ఉంటుంది, రిపోర్టు ఇచ్చిన కొన్ని వారాలకు పారేస్తారు. అది ల్యాబు తప్పు కాదు, ఎక్కడైనా పద్ధతే అది. నీ రిపోర్టులో ఎన్ని బ్లాకులు తీశారో ఒక మూలన రాసి ఉంటుంది, చూసి చెప్పు. 4 సెంటీమీటర్ల గడ్డకు రెండు మూడు అయితే చాలవు. ఈ రకం గడ్డలో ఒక చోట గ్రంథుల క్యాన్సర్, అంటే మీ రిపోర్టులోని అడినోకార్సినోమా, మాత్రమే కనిపిస్తుంది, అర సెంటీమీటరు పక్కకు జరిగితే అంతా పొడుగాటి స్పిండిల్ కణాలే, ఇంకాస్త అవతల మృదులాస్థి లాంటిదో ఎముక లాంటిదో తగలొచ్చు. ఎంత ఎక్కువ కోసి చూస్తే అంత మంచిది.

ఇక రెండు క్యాన్సర్లా అన్నావు. కాదు. కార్సినోమా అంటే అవయవం లోపలి పొర నుంచి వచ్చేది, పిత్తాశయంలో వచ్చే క్యాన్సర్లు దాదాపు అన్నీ అవే. సార్కోమా అంటే కండరం, ఎముక, కొవ్వు, ఇట్లాంటి కణజాలం తరహాది. ఈ రెండూ ఒకే గడ్డలో కలగలిసి ఉంటే కార్సినోసార్కోమా. ఒకే మూల కణం పెరుగుతూ పెరుగుతూ రెండు దారులు పట్టిందని ఇప్పుడు ఎక్కువమంది అనుకునేది. ఒకే చెట్టుకు ఒక కొమ్మన పత్తి, ఇంకో కొమ్మన మిరప కాసినట్టు అనుకో. వేర్వేరుగా పుట్టిన రెండు క్యాన్సర్లు పెరిగి ఒకదానికొకటి తగలడం కూడా ఉంది, దాన్ని కొలిజన్ ట్యూమర్ అంటాం, అది వేరే కథ. పిత్తాశయం క్యాన్సర్లలో కార్సినోసార్కోమా 1 శాతం కూడా ఉండదు. మీ డాక్టర్ తన సర్వీసులో చూడలేదంటే వింతేం లేదు, నేనూ పుస్తకంలో ఎక్కువ, స్లైడు మీద తక్కువ చూశాను. దీని గురించి మొదట రాసింది కార్ల్ లాండ్‌స్టైనర్, 1907లో. అవును, 1901లో బ్లడ్ గ్రూపులు కనిపెట్టి 1930లో నోబెల్ తీసుకున్నాడే, ఆయనే. ఆయన పాథాలజీలో శవపరీక్షలు కూడా చేసేవాడని చాలామందికి తెలియదు. సరే, అది పక్కన పెడదాం.

ఐహెచ్‌సీ అంటే అమ్మను మళ్లీ కోయడం కాదు, కణాలు ఏ రకంవో రంగుతో పట్టే పరీక్ష. ఉన్న బ్లాకు నుంచే మూడు నాలుగు మైక్రాన్ల పొర చీరి, గాజు పలక మీద పరిచి, ఒక్కో యాంటీబాడీ వేస్తారు. అది అతుక్కున్న చోట గోధుమ రంగు వస్తుంది, మిగతా చోట నీలం. గ్రంథుల భాగంలో సైటోకెరాటిన్ (కెరాటిన్ అనే అంటాం), ఈఎంఏ రావాలి, ఇవి కార్సినోమా కణాల గుర్తులు, అందులో పెద్ద అనుమానం ఉండదు. అసలు పేచీ స్పిండిల్ కణాల దగ్గరే. వాటిలో కూడా కెరాటిన్ వస్తే సార్కమటాయిడ్ కార్సినోమా వైపు మొగ్గుతాం, అంటే కార్సినోమాయే వేషం మార్చిందని. కెరాటిన్ రాకుండా కండరం, మృదులాస్థి తరహా గుర్తులు, అంటే డెస్మిన్, మయోజెనిన్, ఎస్100 లాంటివి వస్తే కార్సినోసార్కోమా వైపు. ‘విమెంటిన్ పాజిటివ్, కాబట్టి సార్కోమా’ అని ఒక్క మార్కర్‌తో తేల్చి రాస్తే మాత్రం ఒప్పుకోకు, విమెంటిన్ చాలా వాటిలో వస్తుంది. ఎక్కడైనా నిజమైన క్యాన్సర్ ఎముకో మృదులాస్థో కంటికే కనిపించిందనుకో, సగం పంచాయితీ అక్కడే తెగిపోతుంది. అందుకే డబ్బా, డబ్బా అని కొట్టుకుంటున్నా.

స్కానింగ్‌లో ముందే ఎందుకు తెలియలేదంటే, స్కాన్‌కు ముద్ద కనిపిస్తుంది కానీ దాని జాతి కనిపించదు. గడ్డలో ఎముక ఉంటే సీటీలో సున్నం లాగా తెల్లగా మెరవొచ్చు, కానీ పదకొండు రాళ్లున్న పిత్తాశయంలో ఆ మెరుపును రాయి అనుకోకుండా ఎవరు ఉంటారు చెప్పు. ముందే సూది పెట్టి చూడాల్సిందని ఎవరైనా అంటే అదీ పట్టించుకోకు. తీసేయగలిగే గడ్డకు సూది పెడితే ఆ దారి వెంట కణాలు చల్లుకునే భయం ఉంటుంది, పైగా సూదికి చిక్కేది ఒక భాగమే, రెండో రకం ఉందన్న సంగతే తెలియదు. ఇది ఆపరేషన్ తర్వాతనే తేలే జబ్బు.

కాజీపేట తమ్ముడి మాట మీద ఒక మాట. మీ బాపుది మంచిగయ్యింది, సంతోషం, ఆ జబ్బు నిజంగానే క్యాన్సర్‌లా కనిపించి మోసం చేస్తుంది. కానీ అది సీటీలో వచ్చిన అనుమానం. ఇక్కడ అడినోకార్సినోమా అని మైక్రోస్కోపులో చూసి రాశారు. ప్రశ్న గుర్తు క్యాన్సర్ ఉందా లేదా అన్నదాని పక్కన లేదు, ఏ రకం అన్నదాని పక్కన ఉంది. స్లైడ్లు ఇంకో చోట తప్పకుండా చూపించాలి, కానీ అసలు క్యాన్సరే కాదని తేలుతుందన్న ఆశతో తిరిగితే వారాలు పోతాయి.


ములుగు_రోడ్డు:

మా ఊరి దగ్గర ఒకాయన పసిరికలకు పసరు పోస్తాడు. పిత్తాశయం జబ్బులన్నిటికీ పనిచేస్తుంది. మూడు ఆదివారాలు పోయించుకుంటే చాలు, ఆపరేషన్‌లు అక్కర్లేదు. కావాలంటే అడ్రస్ ఇస్తా.


మెట్టుగుట్ట_అక్క:

ములుగు రోడ్డు తమ్మీ, ఆ అడ్రస్ నీ దగ్గరే ఉంచుకో. మా అత్తమ్మకు కళ్లు పచ్చబడితే మేమూ ఆ మూడు ఆదివారాలే పోగొట్టుకున్నాం. అది లివర్ కామెర్లు కావు, గడ్డ పెరిగి పైత్యనాళం మూసుకుపోతే వచ్చిన కామెర్లు. ఒంటి మీద దురద, మూత్రం చిక్కటి పసుపు, మలం సున్నం రంగు, అన్నీ కళ్ల ముందే ఉన్నా మాకు తెలియలేదు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

పాకాల గట్టు తమ్ముడూ, మా అత్తమ్మది మామూలు పిత్తాశయం క్యాన్సరే, మీది లాంటి అరుదైనది కాదు, కానీ తిరిగిన దారి ఒకటే కాబట్టి చెప్తున్నా. ఆరోగ్యశ్రీ ఉంటే 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు చేశారు, కార్డు, ఆధార్ ఇప్పటినుంచే ఒక ఫైల్‌లో పెట్టుకో. హైదరాబాద్‌లో అయితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఎక్కడికి పోయినా మొదట అడిగేది బయాప్సీ రిపోర్టు, రెండోది ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన కాగితం, మూడోది స్లైడ్లు బ్లాకులు. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి పట్టుకుపోతే ‘పోయి తెచ్చుకోండి’ అని వెనక్కి పంపుతారు, హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా బస్సులో పోయి వట్టి చేతులతో రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రితో కలిసి పనిచేసే నవ్య అని ఆన్‌లైన్‌లో ఉంది, రిపోర్టులు పంపిస్తే క్యాన్సర్ డాక్టర్ల అభిప్రాయం రాసి పంపుతారు. ఇలాంటి అరుదైన వాటికి అది పనికొస్తుంది.

అమ్మకు చెప్పాలా అంటే మా అనుభవం చెప్తా. మేం దాచాం. అత్తమ్మ మమ్మల్ని అడగడం మానేసి పక్క బెడ్ వాళ్లను అడగడం మొదలుపెట్టింది. నీకు తోచినట్టు చెయ్, కానీ పక్క బెడ్ వాళ్లు చెప్పేలోపు నువ్వే చెప్పు.


పాకాల_గట్టు:

మేడం, మీరు చెప్పిన రోజే పోయాను. రిపోర్టులో ‘మూడు బ్లాకులు’ అని ఉంది, మీరన్నట్టే. కౌంటర్‌లో అమ్మాయి ‘శాంపిల్ పారేసి ఉంటారు సార్’ అంది, నా గుండె జారిపోయింది. లోపలి నుంచి ఒక టెక్నీషియన్ అన్న వచ్చి నంబర్ అడిగి, అల్మారాలో వెనక వరస నుంచి డబ్బా తీశాడు. మూత మీద అమ్మ పేరు మార్కర్‌తో రాసింది సగం చెరిగిపోయింది కానీ నంబర్ ఉంది. ఆ రోజు బండి మీద బావ తీసుకుపోయిన డబ్బానే. వచ్చే శుక్రవారం పారేసే లిస్టులో ఉందట. అక్కడ డాక్టర్ గారు మంచాయన, కోపగించుకోలేదు, ‘నేనే ఇంకొన్ని ముక్కలు పెడతాను’ అన్నారు.

ఇంకో రెండు అడగాలి. ఒకటి, బ్లాకులు మాకు ఇస్తారా, ఇస్తే ఎట్లా తీసుకుపోవాలి? రెండు, మా చుట్టాల్లో ఒకాయన ‘పేరు తేలేదాకా ఎందుకు, రేపే కీమో ఎక్కించండి’ అని రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇంకొకాయన పెట్ స్కాన్ ముందు చేయించమంటున్నాడు. ఎవరి మాట వినాలి?


గులాబీ_స్లైడు:

హమ్మయ్య. శుక్రవారం అంటే చివరి నిమిషమే.

బ్లాకులు అడిగితే ఇస్తారు, లెటర్ రాసి సంతకం పెట్టి తీసుకోవాలి. బ్లాకు మీద చెక్కిన నంబరూ రిపోర్టు మీద నంబరూ ఒకటేనా అని అక్కడే నిలబడి ఒక్కొక్కటి సరిచూసుకో, ఇంటికొచ్చాక చూసుకుంటే లాభం లేదు. స్లైడ్లు గాజువి, వాటి పెట్టెలోనే పెట్టమని అడుగు. బ్లాకులు మైనం. ఆ మైనం కరిగేది 56 నుంచి 60 డిగ్రీల దగ్గర. మన వరంగల్ ఎండలో తలుపులు మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి టీ తాగడానికి దిగితే తిరిగొచ్చేసరికి మెత్తబడి ఉంటాయి. ఒళ్లో పెట్టుకుని పో.

కీమో తొందర వద్దు. ముందు ఆపరేషన్ మాట తేలాలి. మీ రిపోర్టులో ‘కండర పొర దాటింది’ అని ఉంది, అంటే కనీసం టీ2 (గడ్డ గోడలో ఎంత లోతుకు పోయిందో టీ1, టీ2 అని లెక్కిస్తాం). ఒక్క పిత్తాశయం తీసేసి వదిలేసే దశ టీ1ఏ, కండరంలోకి కూడా పోనిది. టీ2 అయితే, వేరే చోటికి పాకలేదని తేలితే, పిత్తాశయం ఆనుకుని ఉండే కాలేయం ముక్క, చుట్టూ లింఫ్ గ్రంథులు తీసే రెండో ఆపరేషన్ గురించి మాట్లాడతారు. మొదటి ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య దానికి మంచి సమయం అంటారు, అందుకే రోజులు లెక్కపెట్టుకో, కానీ ఒక వారం ఐహెచ్‌సీ కోసం ఆగితే కొంప మునగదు. ల్యాబు డాక్టర్‌ను ఇవి కూడా రాయమను: గడ్డ కాలేయం వైపు ఉందా, ఇటు పొట్ట వైపు ఉందా, పైత్యనాళం కోసిన అంచులో క్యాన్సర్ ఉందా లేదా, తీసిన దాంట్లో లింఫ్ గ్రంథి ఏమైనా దొరికిందా. కాలేయం వైపు ఉంటే కొంచెం ఎక్కువ జాగ్రత్త, అటువైపు పిత్తాశయానికి పై పొర ఉండదు. సర్జన్‌ను ఒకటి అడుగు, తీసేటప్పుడు పిత్తాశయం చిల్లిపడి పైత్యరసం కారిందా అని. నోట్స్‌లో చాలాసార్లు రాయరు, కానీ హైదరాబాద్‌లో తప్పకుండా అడుగుతారు.

పెట్ స్కాన్ వాళ్లు రాస్తే చేయించు, నీ అంతట నువ్వు పరుగెత్తకు. ఆపరేషన్ చేసిన చోట మానుతున్న పుండు కూడా పెట్‌లో వెలుగుతుంది, అది చూస్తే నీకు మళ్లీ నిద్ర పట్టదు. ఛాతీ, పొట్ట సీటీ మాత్రం ఎలాగూ కావాలి.

కీమో ఏది అని ఎవరైనా గ్యారంటీగా చెప్తే అనుమానించు. మామూలు పైత్యనాళ, పిత్తాశయ క్యాన్సర్లకు జెమ్‌సిటబిన్ సిస్‌ప్లాటిన్, కేపెసిటబిన్ ఇస్తారు, వాటి మీద పెద్ద ట్రయల్స్ ఉన్నాయి. ఈ రకానికి విడిగా ట్రయల్ చేసేంతమంది రోగులే లేరు. డాక్టర్లు నలుగురు కూర్చుని మాట్లాడుకుని నిర్ణయిస్తారు. ఇది మొండి జబ్బు తమ్ముడూ, దాచి ఏం లాభం. లోపలే ఉండగా తీసేసిన వాళ్లకు, ముదిరాక బయటపడిన వాళ్లకు చాలా తేడా ఉంటుంది. మీ అమ్మది ఎటు అన్నది సీటీ చూస్తే గానీ తెలియదు.


పాకాల_గట్టు:

ఆలస్యమైంది, క్షమించాలి. ఇప్పుడే కొంచెం ఊపిరి పీల్చుకున్నా.

డబ్బాలో మిగిలిన దాంట్లో ఇంకా తొమ్మిది ముక్కలు పెట్టారు. మేడం అన్నదే నిజమైంది, అందులో రెండింట్లో మృదులాస్థి ఉందట, అది కూడా క్యాన్సర్ మృదులాస్థి. మొదటి మూడు బ్లాకుల్లో దాని జాడే లేదు. ఐహెచ్‌సీలో స్పిండిల్ కణాలకు కెరాటిన్ రాలేదు, మృదులాస్థి భాగంలో ఎస్100 వచ్చింది, గ్రంథుల భాగంలో కెరాటిన్, ఈఎంఏ రెండూ వచ్చాయి. ప్రశ్న గుర్తు పోయింది, కార్సినోసార్కోమా అనే రాశారు. హైదరాబాద్‌లో స్లైడ్లు మళ్లీ చూసి వాళ్లూ అదే అన్నారు. గడ్డ పొట్ట వైపు ఉంది, పైత్యనాళం అంచు బాగుంది. సీటీలో కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. సర్జన్ చిల్లి పడలేదన్నారు, పడలేదని రాసి కూడా ఇచ్చారు. ఎల్లుండి అడ్మిట్ అవ్వమన్నారు, ఆ మరుసటి రోజు ఆపరేషన్, అంటే ఏడో వారం.

బ్లాకులు కారులో వద్దన్నారని పొద్దున బండికి కాజీపేటలో ఎక్కాం. అమ్మ అటుకులు పోసుకునే స్టీలు డబ్బాలో దూది పరిచి, బ్లాకులు, పైన మళ్లీ దూది. కిటికీ పక్కన అమ్మ, నా ఒళ్లో డబ్బా. ఘన్‌పూర్ దాటాక ‘ఏందిరా అది, దించవు పెట్టవు’ అని అడిగింది. అప్పుడు చెప్పాను. అక్క చెప్పింది గుర్తొచ్చింది, ఇక ఎవరో చెప్పేదాకా ఎందుకని. అంతా చెప్పలేదు, క్యాన్సర్ అని చెప్పాను, ఇంకో ఆపరేషన్ కావాలని చెప్పాను. జనగామ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత ‘నా కడుపులవి నాకే చూపియ్యవా’ అని డబ్బా తీసుకుని, మూత తీసి, దూది పక్కకు జరిపి ఒక బ్లాకు చేతిలో పట్టుకుని చూసింది. ‘గింతేనా’ అంది. మళ్లీ తనే దూది కప్పి మూత పెట్టి తన ఒళ్లోనే పెట్టుకుంది, సికింద్రాబాద్ దాకా నాకు ఇవ్వలేదు.

ఒక సాయం కావాలి. అమ్మది బీ నెగెటివ్, రెండు యూనిట్లు సిద్ధంగా పెట్టుకోమన్నారు. ఒకరు దొరికారు. హైదరాబాద్‌లో గానీ, ఎల్లుండికల్లా రాగలిగిన వాళ్లు గానీ ఎవరైనా ఉంటే ఇక్కడ మెసేజ్ పెట్టండి.


కాజీపేట_జంక్షన్:

నాది బీ నెగెటివ్ అన్నా. రేపు సాయంత్రం డ్యూటీ దిగి బండెక్కుతా, ఏ ఆస్పత్రో మెసేజ్ పెట్టు.